సియాటిల్ పెరట్లో ఏది పెట్టాలి, ఏది వదిలేయాలి

సియాటిల్ అనగానే వాన అంటారు. ఇక్కడ కొత్తగా ఇల్లు కొన్న తెలుగువాళ్ళు పెరడు గురించి ముందుగా అడిగేది కూడా, "ఇంత వానకి ఏ మొక్క బతుకుతుందండీ?" అనే. వానకి భయపడక్కర్లేదు. సియాటిల్‌లో ఏడాదికి పడేది 38 అంగుళాలు, అంటే 950 మిల్లీమీటర్ల పైచిలుకు. విశాఖపట్నంలో ఇంతకంటే తక్కువేమీ పడదు. చూసుకోవాల్సింది ఆ వాన ఎప్పుడు పడుతుందన్నది. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా సన్నటి ముసురు వదలదు. జులై, ఆగస్టుల్లో మాత్రం ఆకాశం శుభ్రంగా ఉంటుంది. జులై మొత్తానికి ఒక్క అంగుళం కూడా పడని ఏళ్ళే ఎక్కువ. కాయగూరలు ఎదిగే రెండు నెలలూ గొట్టం పట్టుకుని మనమే నీళ్ళు పెట్టాలి.

మొక్కని ఎంచుకునేటప్పుడు వానకంటే రాత్రి చలిని ఎక్కువ పట్టించుకోవాలి. జులైలో ఇక్కడ పగలు 25, 26 డిగ్రీలు, రాత్రి 13, 14. హైదరాబాదులో డిసెంబరు ఇంచుమించు ఇలాగే ఉంటుంది, పగలు ఇంకాస్త వెచ్చగా. అందుకని నేను ఎవరికైనా చెప్పే లెక్క ఇది: మన ఊళ్ళో చలికాలంలో ఏవి బాగా వస్తాయో అవి ఇక్కడ ఎండాకాలంలో వేయండి. మన ఎండాకాలపు కూరల్ని గ్రీన్‌హౌస్ ఉన్నవాళ్ళకి వదిలేయండి.

ఈ లెక్కకి ఒక మెలిక ఉంది. హైదరాబాదు డిసెంబరులో పొద్దు పదకొండు గంటలు. సియాటిల్ జూన్‌లో పదహారు గంటలు. రాత్రి తొమ్మిదింటికి కూడా వెలుతురే. మొక్కలు చలినీ వేడినీ చూసుకున్నట్టే పగటి నిడివినీ చూసుకుంటాయి. మన చిక్కుడు, బీర లాంటివి పొద్దు తగ్గితేగానీ పూతకి రావు. కొత్తిమీర, పాలకూర పొద్దు పెరగ్గానే ఆకు మానేసి పూతకి వెళ్ళిపోతాయి. కింద చెప్పే ఎంపికల్లో సగం ఈ రాత్రి చలి వల్లా పగటి నిడివి వల్లా వచ్చినవే.

నేలా, మడా, కుండీయా?

సమామిష్, ఇస్సాక్వా, బాతెల్ లాంటి శివారు ఊళ్ళ కొత్త కాలనీల్లో పైన నాలుగంగుళాలు తవ్వితే కింద రాయిలా గట్టి పొర తగులుతుంది. హిమానీనదాలు వేల ఏళ్ళ కిందట నొక్కేసి వెళ్ళిన మట్టి అది. దాని మీద బిల్డరు పలచగా మట్టి పరిచి, లాన్ చాప పరిచి తాళాలు చేతిలో పెడతాడు. చలికాలంలో ఆ పొర మీద నీళ్ళు నిలబడి వేళ్ళు కుళ్ళుతాయి. కూరగాయలకైతే పన్నెండంగుళాల ఎత్తున చెక్కలతో కట్టిన ఎత్తు మడి మంచిది. నీళ్ళు దిగిపోతాయి, వసంతంలో మట్టి త్వరగా వెచ్చబడుతుంది. ఖర్చు ఒకసారి పెట్టేదే. పొదలకీ పండ్ల చెట్లకీ మాత్రం నేలే మేలు. గట్టి నేలైతే గుంత లోతుగా తవ్వి నాటకుండా, మట్టిని చిన్న దిబ్బలా పోసి దాని మీద నాటండి. మిరప, వంగ లాంటి వేడి కోరే మొక్కలకి నల్లటి కుండీ, దక్షిణం గోడ.

ఈ ఎంపికకి ముందు ఒక్క పని చేయండి. ఏప్రిల్‌లో ఏదైనా ఎండ రోజున పెరట్లో ఎండ ఎక్కడ ఎన్ని గంటలు పడుతుందో గంటకోసారి చూసి రాసుకోండి. పక్కింటివాళ్ళ డగ్లస్ ఫర్ చెట్టు నీడ మీ పెరడు మీద ఎంత దూరం వస్తుందో అప్పుడు తెలుస్తుంది. ఆరు గంటల ఎండ లేని చోట టమాటా పెట్టడం దండగ. అక్కడ ఆకుకూరలు పెట్టుకోవచ్చు.

ఇక్కడి వానలు నేలలోని సున్నాన్ని కడిగేస్తాయి కాబట్టి మట్టి పులుపు పాలు ఎక్కువ. కూరగాయల మడిలో డోలమైట్ సున్నం కాస్త కలపాలి. బ్లూబెర్రీ, కమేలియా, రోడోడెండ్రాన్ దరిదాపుల్లో అది వేయకూడదు. వాటికి పులుపు మట్టే కావాలి.

ఆకుకూరలు: గోంగూర మీద పట్టు వదలండి, చుక్కకూర పట్టండి

గోంగూర ఇక్కడ అసలు రాదని అనను. ఏప్రిల్ చివర ఇంట్లో విత్తి, రాత్రులు పన్నెండు, పదమూడు డిగ్రీలకి వచ్చాక జూన్‌లో బయట పెడితే ఆగస్టుకి ఆకు కోతకి వస్తుంది. రెండు మూడు సార్లు పచ్చడికి సరిపోయే ఆకు దక్కుతుంది. సెప్టెంబరు చివర మొక్క ముడుచుకుపోతుంది. అంతకోసం మడిలో ఎండ బాగా పడే చోటు మూడు నెలలు దానికి ఇచ్చేయాలి.

చుక్కకూరకి ఈ తంటా లేదు. మార్చిలో నేరుగా మట్టిలో చల్లితే నెలన్నరలో పప్పులోకి వస్తుంది. ఇంకా తేలికైన దారి కావాలంటే నర్సరీల్లో ఫ్రెంచ్ సోరెల్ అని అమ్మే మొక్క. ఇది చుక్కకూర జాతిదే, కాకపోతే ఒకసారి పెడితే ఏళ్ళ తరబడి ఉంటుంది. చలికి కాస్త మందగించి, ఫిబ్రవరిలో మొదట తలెత్తే ఆకుల్లో అదొకటి. పులుపు సరిపోతుంది. గోంగూర పచ్చడిలో ఉండే ఆ జిగట, ఆ కమ్మదనం రావు, అది ఒప్పుకోవాల్సిందే. కిడ్నీలో రాళ్ళ సమస్య ఉన్నవాళ్ళు చుక్కకూర, సోరెల్ రెండింటి విషయంలోనూ డాక్టరుని అడిగి తినండి, రెండింటిలోనూ ఆక్సాలిక్ ఆమ్లం ఎక్కువ.

పాలకూరకి బదులు స్విస్ చార్డ్ అన్నది నా రెండో సలహా. ఏప్రిల్‌లో వేసిన పాలకూర జూన్ మధ్యకల్లా కాడ లేపి చేదెక్కుతుంది. స్విస్ చార్డ్ ఆ పొద్దుకి చలించదు. కింది ఆకులు కోసుకుంటూ పోతే వేసవంతా, చలి మరీ ముదరకపోతే మరుసటి వసంతం దాకా ఇస్తుంది. పప్పులో వేస్తే తేడా పట్టుకునేవాళ్ళు తక్కువ. ఎర్రకాడ రకమైతే పప్పు కొంచెం గులాబీ రంగుకి తిరుగుతుంది, పిల్లలు అడిగితే బీట్‌రూట్ చుట్టమని చెప్పండి, అబద్ధం కాదు.

కొత్తిమీర విషయంలో రకం కంటే తేదీ ముఖ్యం. మార్చి చివర ఒక విడత, ఆగస్టు మధ్యలో ఇంకో విడత వేయండి. ఆగస్టుది ఎక్కువ కాలం నిలుస్తుంది, ఎందుకంటే అప్పటికి పొద్దు తగ్గుతూ ఉంటుంది. మే, జూన్ నెలల్లో వేసేది ధనియాలకే. ఆ మధ్య కాలంలో మెంతికూర వేసుకోండి. వంటింట్లో పోపుల డబ్బాలో మెంతులే చల్లినా నెల తిరక్కుండా కోతకి వస్తుంది.

తోటకూర జూన్‌లో చల్లితే చక్కగా వస్తుంది, వేసవి ఆకుకూరల్లో నేను పూర్తిగా నమ్మేది అదే. బచ్చలి మొండికేస్తుంది. పుదీనా కుండీలోనే, నేలలో పెడితే రెండేళ్ళలో మీ పెరడూ పక్కవాళ్ళ పెరడూ దానివే.

కాయగూరలు

టమాటా కొనేటప్పుడు బొమ్మ చూసి పెద్ద కాయ రకం ఎత్తుకోకండి. బీఫ్‌స్టేక్ లాంటివి ఇక్కడ పండడానికి సెప్టెంబరు అవుతుంది, అప్పటికి మొదటి వాన వచ్చేస్తుంది. ఆకుల మీద తడి ఆరకపోతే లేట్ బ్లైట్ తెగులు అంటుకుంటుంది. ముందు కాడ మీద నూనె మరకలాంటి గోధుమ రంగు మచ్చ కనిపిస్తుంది, చూస్తుండగానే కాయ కూడా తోలులా గట్టిపడి గోధుమ రంగుకి తిరుగుతుంది. పక్క వీధిలో ఎవరికి వచ్చినా గాలికి మీ మొక్కకీ వస్తుంది. కాబట్టి త్వరగా కాసేవి ఎంచుకోవాలి. ఓరెగాన్ స్టేట్ యూనివర్సిటీ ఈ వాతావరణం కోసమే తయారుచేసిన రకాలు మూడు దొరుకుతాయి: ఓరెగాన్ స్ప్రింగ్, సైలెట్జ్, లెజెండ్. చల్లటి రాత్రుల్లోనూ ఇవి కాయ కడతాయి. లెజెండ్‌కి బ్లైట్‌ని కొంత తట్టుకునే గుణం కూడా ఉంది. రసానికీ పచ్చడికీ స్టుపిస్ అనే చిన్న కాయ రకం, పిల్లలు మొక్క దగ్గరే తినేయడానికి సన్‌గోల్డ్. మీకు ఒక్క మొక్కకే చోటుంటే సన్‌గోల్డ్ పెట్టండి, అది నిరాశపరిచిన ఇల్లు అరుదు.

టమాటా బయట నాటే తేదీ మదర్స్ డే అని ఇక్కడివాళ్ళు చెబుతారు, అంటే మే మధ్య. రాత్రి 50 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 10 సెల్సియస్ దాటాకే అని అర్థం. ఏప్రిల్‌లోనే స్టోర్ల ముందు మొక్కలు వరసగా పెట్టి అమ్ముతుంటే చెయ్యి ఆగదు. కొన్నా రాత్రిపూట లోపలే ఉంచండి. జూన్ మొదట్లో ముసురు తిరగబెట్టడం ఇక్కడ మామూలే, దాన్ని వెటకారంగా జూన్యువరీ అని కూడా పిలుచుకుంటారు.

వంకాయలో లావు గుండ్రటి రకాలు వద్దు. సన్నగా పొడుగ్గా ఉండే ఆసియా రకాలు, ముఖ్యంగా ఓరియంట్ ఎక్స్‌ప్రెస్, కాస్త చలికి ఓర్చుకుంటాయి. గుత్తివంకాయ చేసుకోవాలని ఉంటే ఫెయిరీ టేల్ అనే రకం చూడండి. ఊదా మీద తెల్ల చారలతో వేలెడంత కాయలు, మొక్క కుండీలో సరిపోతుంది. నాలుగు పక్షాలుగా చీల్చి కూరడానికి కాస్త ఓపిక కావాలి, కాయ పొడుగు కదా.

బీరకాయా, జుకినీయా? బీర తీగ జులై, ఆగస్టుల్లో గోడంతా అల్లుకుని పచ్చగా కన్నుల పండువగా ఉంటుంది. ఆడపూలు పడేసరికి ఆగస్టు చివర. పిందెలు చేతికొచ్చేలోపు రాత్రులు చల్లబడి తీగ ఆగిపోతుంది. జుకినీ జూన్‌లో నాటితే జులైలో కాయ. ఒక్క మొక్క నలుగురున్న ఇంటికి ఎక్కువే, రెండు పెడితే ఆఫీసుకి మోసుకెళ్ళి పంచాలి. బీరకాయ తొక్కుపచ్చడి చేసే పద్ధతిలో జుకినీతో చేస్తే, నువ్వులు రెండు చెంచాలు ఎక్కువ పడ్డాయంటే, బాగుంటుంది. పప్పులోనూ ఒదుగుతుంది. మొదట్లో పిందెలు పసుపెక్కి రాలిపోతుంటే తెగులని మందు కొట్టకండి. జూన్ చలికి తేనెటీగలు తిరగక పరాగం అందలేదంతే. మగపువ్వు తుంచి రేకులు తీసేసి, పొద్దున్నే ఆడపువ్వు మధ్యలో రాయండి. ఆడపువ్వు కింద చిన్న పిందె ఉంటుంది, మగదానికి ఉత్త కాడే.

సొరకాయ దక్షిణం గోడకి, ఇంట్లో ముందుగా పెంచిన నారుతో, కొందరికి రెండు మూడు కాయలు ఇస్తుంది. లాటరీ టికెట్ అనుకుని పెడితే పరవాలేదు. పొట్లకాయ ఆ మాత్రం కూడా ఇవ్వదు. బెండకాయకి ఇక్కడ బదులు లేదు, ఇండియన్ స్టోర్‌లో కొనుక్కోవడమే. మునగ సంగతి చెప్పనే అక్కర్లేదు.

చిక్కుడు స్థానంలో స్కార్లెట్ రన్నర్ బీన్ పెట్టుకోండి. మెక్సికో కొండల చల్లదనంలో పుట్టిన తీగ కాబట్టి సియాటిల్ రాత్రులు దానికి హాయి. ఎర్రటి పూలు, వాటికోసం వచ్చే హమ్మింగ్‌బర్డ్‌లు, లేతగా ఉన్నప్పుడు కోస్తే చిక్కుడుకాయ కూరలా వండుకునే కాయ. రెండు రోజులు ఆలస్యమైతే నార తేలుతుంది. ముదిరిన గింజల్ని బాగా ఉడికించే తినాలి.

సులువుగా పండేవి కొన్ని ఉన్నాయి: బఠానీ ఫిబ్రవరి చివర, ముల్లంగి మార్చి నుంచి, వెల్లుల్లి అక్టోబరులో పెట్టి జులైలో తవ్వుకోవడం. వెల్లుల్లి మీద నాకు ప్రత్యేకమైన అభిమానం. వానంతా అదే తాగుతుంది, మనం చేసేది ఏమీ ఉండదు.

నత్తలు

దుకాణంలో అమ్మే పురుగుమందుల్లో సగం మీకు అవసరం పడవు. నత్తల మందు మాత్రం పడుతుంది. గుల్ల లేని ఈ నత్తలు పగలు కనపడవు. సాయంత్రం నాటిన బంతి నారు పొద్దున చూస్తే ఈనెలే మిగులుతాయి, పక్కన ఎండిన జిగురు చార మెరుస్తూ ఉంటుంది. రాత్రి పదింటికి టార్చి వేసి చూడండి, ఆకు అడుగున వరసగా దొరుకుతాయి. మందు రెండు రకాలు అమ్ముతారు. మెటాల్డిహైడ్ ఉన్నది కుక్కలకి ప్రాణాంతకం, అది తీసుకోవద్దు. ఐరన్ ఫాస్ఫేట్ గుళికలు ఎంచుకుని, నాటిన రోజే చల్లండి. కుండీలకైతే కొందరు చుట్టూ రాగి టేపు అంటిస్తారు.

కరివేపాకు, మల్లె

ఈ రెండింటి కోసం పడే ఆరాటం ముందు టమాటాలు ఏపాటి. ఇక్కడ రెండూ బయట చలికాలం దాటవు. వీటిని పెంచడమంటే ఎనిమిది నెలలు ఇంట్లో, నాలుగు నెలలు బయట కాపురం పెట్టించడం. మే చివర బయటకి, రాత్రులు పది డిగ్రీలకి దిగేలోపు, అంటే సెప్టెంబరు చివరకి, లోపలికి.

కరివేపాకు చచ్చిపోయేది చలికంటే నీళ్ళవల్లే ఎక్కువ. నవంబరులో ఆకులు పసుపెక్కి రాలడం మొదలవగానే కంగారుపడి ఇంకా నీళ్ళు పోస్తారు. పొద్దు తక్కువైనప్పుడు ఆ మొక్క నిద్రలోకి వెళుతుంది, వేళ్ళు నీళ్ళు తాగవు. అప్పుడు పోసినదంతా కుండీలో నిలిచి వేళ్ళు నల్లబడతాయి. వేలు రెండు కణుపులు మట్టిలో గుచ్చి చూడండి, పొడిగా తగిలితేనే నీళ్ళు. దక్షిణం కిటికీ లేకపోతే ఒక గ్రో లైట్ కొనండి, డిసెంబరు ఎనిమిదిన్నర గంటల పొద్దు దానికి చాలదు. ఊరి నుంచి వచ్చే పెద్దవాళ్ళకి మొక్కగానీ పచ్చి కరివేపాకుగానీ తెమ్మని చెప్పకండి. నిమ్మజాతి చెట్లని పాడుచేసే పురుగు దానిమీద వస్తుందని అమెరికాలోకి రానివ్వరు, కాలిఫోర్నియాలాంటి రాష్ట్రాల నుంచి తెప్పించుకోవడం మీద కూడా ఆంక్షలున్నాయి. విత్తనాల మూటలదీ అదే కథ, తెగుళ్ళు లేవని ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ లేకుండా తీసుకురాకూడదు. గోంగూర, చుక్కకూర విత్తనాలు ఇక్కడే ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు.

మల్లెకైతే రెండో దారి ఉంది. గుండు మల్లె కుండీలో, ఇంట్లో చలికాలం, వేసవిలో వారానికి గుప్పెడు పూలు. ఇంత సేవ చేయలేమనుకుంటే పొయెట్స్ జాస్మిన్ అని నర్సరీల్లో దొరికే తీగ పెట్టండి. అది మన జాజికి దగ్గరి చుట్టం. నేలలో నాటితే ఏటేటా బయటే ఉంటుంది, జులై సాయంత్రాల్లో కిటికీ తెరిస్తే వాసన ఇంట్లోకి వస్తుంది. పూలు మాల కట్టడానికి మల్లెంత నిలవవు. స్టార్ జాస్మిన్ అని ఇంకోటి ఉంది, పేరులోనే జాజి, జాతి వేరు. తుంచితే పాలు కారుతాయి. ఏడాదంతా పచ్చగా ఫెన్సు కప్పడానికి అదే మంచిది. పూజకి పూలు అనేవాళ్ళు పొయెట్స్ జాస్మిన్, పక్కింటి కిటికీ కనపడకూడదనేవాళ్ళు స్టార్ జాస్మిన్.

మందారం కూడా ఇంతే. ఊళ్ళో పెరిగే మందారం ఇక్కడి మొదటి మంచుకే పోతుంది. దాని బదులు రోజ్ ఆఫ్ షారన్ పెట్టుకోండి, అదీ మందార జాతే, ఆకు రాల్చి చలికాలం గడిపేసి ఆగస్టులో పూస్తుంది. తెల్లవి, గులాబీ, నీలం చాయవి దొరుకుతాయి. ఎర్ర మందారం కావాలంటే మాత్రం కుండీ, ఇంట్లో చోటు తప్పవు. గులాబీ పెట్టేటప్పుడు రంగు తర్వాత, ముందు ట్యాగ్ మీద బ్లాక్ స్పాట్ అనే ఆకుమచ్చ తెగులుని తట్టుకుంటుందని ఉందో లేదో చూడండి. వసంతపు తడికి మిగతా రకాలు జూన్ నాటికే సగం ఆకు రాలుస్తాయి.

బతుకమ్మకి ఏ పూలు?

సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో పెరట్లో పూలు నిండుగా ఉండాలంటే డాలియాని మించింది లేదు. 1913 నుంచి సియాటిల్ నగరం అధికారిక పుష్పం అదే. ఈ చల్లటి రాత్రులు దానికి ప్రాణం. ఆగస్టు నుంచి మొదటి మంచు దాకా ఆగకుండా పూస్తుంది, ఎంత కోస్తే అంత. అరచేతి మందాన ఉండే పెద్ద పూల రకాలు కొనాలని అనిపిస్తుంది. బతుకమ్మ పేర్చడానికి మాత్రం పాంపాన్, బాల్ అనే చిన్న గుండ్రటి రకాలే అక్కరకొస్తాయి. గట్టిగా ఉంటాయి, వరస కుదురుతుంది, సాయంత్రానికి వాడవు. దుంపలు ఏప్రిల్ చివర నాటి, మొలక పైకి వచ్చేదాకా నీళ్ళు పోయకుండా ఆగండి.

బంతి కూడా వేయండి, చామంతి అక్టోబరులో సరిగ్గా సమయానికి వస్తుంది. తంగేడు ఇక్కడ కుదరదు. గునుగుకి దారి ఉంది: సెలోసియా విత్తనం మార్చి చివర ఇంట్లో మొలకెత్తించి జూన్‌లో బయట పెడితే ముళ్ళ కంకిలాంటి ఆ పువ్వు సెప్టెంబరుకి అందుతుంది. వేడి చోటు దానికే ఇవ్వండి, గోంగూరకి ఇవ్వాలనుకున్న చోటు ఖాళీగానే ఉంది కదా.

డాలియా దుంపలు నేలలోనే వదలాలా, తవ్వాలా? మీ నేల నీళ్ళు దిగే రకమైతే పైన అరడుగు ఎండుటాకులు కప్పి వదిలేయండి. నీళ్ళు నిలిచే నేలైతే నవంబరులో తవ్వి గ్యారేజీలో పెట్టండి, మంచుకంటే చలికాలపు చెమ్మే వాటిని కుళ్ళబెడుతుంది.

పొదలు

ఇంటి ముందు ఏడాదంతా పచ్చగా ఉండాలి, పని తక్కువ ఉండాలి, హెచ్‌ఓఏ, అంటే కాలనీ ఇళ్ళ సంఘం వాళ్ళు ఉత్తరం పంపకూడదు అంటే మూడు పేర్లు ముందుకొస్తాయి. రోడోడెండ్రాన్ వాషింగ్టన్ రాష్ట్ర పుష్పం, ఏప్రిల్, మే నెలల్లో ఊరంతా అదే. అయితే దాని ఆకు, పువ్వు, తేనె అన్నీ విషం. నోట్లో ఏది పడితే అది పెట్టుకునే వయసు పిల్లలుంటే నేనైతే పెట్టను. కమేలియా ఆ భయం లేనిది. అందులో ససాంక్వా రకం యూల్‌టైడ్ డిసెంబరులో, బయట ఇంకే పువ్వూ లేనప్పుడు, ఎర్రగా పూస్తుంది. నా ఓటు దానికే. హైడ్రాంజియా ఆకు రాలుస్తుంది కాబట్టి చలికాలంలో పుల్లలే కనిపిస్తాయి. కానీ ఇక్కడి పులుపు మట్టిలో ఏ ప్రయత్నమూ లేకుండా నీలంగా పూయడం దాని ఆకర్షణ.

మూడింటికీ పొద్దుటి ఎండ, మధ్యాహ్నం నీడ కావాలి. 2021 జూన్ 28న సీ-టాక్ విమానాశ్రయంలో 108 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 42 సెల్సియస్ నమోదైంది. పడమటి గోడ పక్కనున్న ఇలాంటి పొదలు ఆ వేడికి ఆకులు మాడిపోయాయి. అలాంటి రోజు మళ్ళీ రాదని హామీ లేదు.

ఏ పొద అయినా, చెట్టయినా నాటడానికి అక్టోబరు మంచిది. నర్సరీల్లో రద్దీ వసంతంలో ఉంటుంది, కానీ అప్పుడు నాటినదానికి మొదటి వేసవంతా మీరే నీళ్ళు మోయాలి. అక్టోబరులో నాటినదానికి ఆరు నెలలు వానే పోస్తుంది, మళ్ళీ ఎండలొచ్చేసరికి వేళ్ళు ఊనుకుంటాయి.

పండ్లు

బ్లూబెర్రీ దగ్గర ఆలోచించేదేమీ లేదు, పెట్టేయండి. అమెరికాలో బ్లూబెర్రీ ఎక్కువ పండించే రాష్ట్రాల్లో వాషింగ్టన్ ముందుంటుంది. ఇంటి పెరట్లోనూ అంతే సులువు. రెండు వేర్వేరు రకాలు పక్కపక్కన పెడితే కాపు పెరుగుతుంది: డ్యూక్ ముందు వస్తుంది, లెజసీ ఆలస్యంగా వస్తుంది. పక్షులకి వల వేయాలి. రాస్ప్‌బెర్రీ రుచి ఎక్కువ, కానీ నీళ్ళు నిలిచే నేలలో వేరుకుళ్ళు వచ్చి వరస మొత్తం పోతుంది. ఎత్తు మడి ఉంటేనే పెట్టండి.

అంజీరా, దానిమ్మా అని చాలామంది ఊగిసలాడతారు. దానిమ్మ చెట్టు బతుకుతుంది, ఎర్రగా పూస్తుంది, పండు మాత్రం పండేంత వేడి రాదు. అంజీర్ ఖాయంగా తినొచ్చు, రకం సరైనదైతే. డెజర్ట్ కింగ్ కిందటేడు కొమ్మల మీద వసంతంలోనే కాయలు పట్టి జులై చివర, ఆగస్టులో పండుతుంది. బ్రౌన్ టర్కీ లాంటి రకాల్లో పెద్ద పంట శరదృతువులో రావాలి, అది ఇక్కడ పచ్చిగానే ఆగిపోతుంది. డెజర్ట్ కింగ్‌ని చలికాలంలో గట్టిగా కత్తిరించకండి, ఆ కొమ్మల మీదే మీ పండ్లన్నీ.

ఆపిల్ కావాలంటే స్కాబ్ తెగులు తట్టుకునే లిబర్టీ. చెర్రీ వద్దు, పండే సమయానికి జూన్ వాన పడి పగులుతాయి, మిగిలినవి కాకులవి. జామకాయ మీద బెంగ ఉంటే పైనాపిల్ గువా అనే పొద ఉంది, చలి తట్టుకుంటుంది, పూరేకులు తియ్యగా ఉంటాయి. పండు అన్ని ఏళ్ళూ పండదు. జామ రుచి దానిలో వెతకొద్దు.

వాగుల పక్కన, రోడ్ల వెంట ఆగస్టులో నల్లగా మెరిసే బ్లాక్‌బెర్రీ చూసి పెరట్లోకి తెచ్చుకోకండి. హిమాలయన్ బ్లాక్‌బెర్రీ ఇక్కడ ప్రభుత్వం కలుపుగా ప్రకటించిన మొక్క. సీతాకోకచిలుకలొస్తాయని అమ్మే బటర్‌ఫ్లై బుష్ కూడా ఆ జాబితాలోదే.

పెరడు లేనివాళ్ళకి

అపార్ట్‌మెంట్ బాల్కనీ దక్షిణం వైపైతే సన్‌గోల్డ్ టమాటా ఒకటి, మిరప ఒకటి, కరివేపాకు ఒకటి. ఉత్తరం వైపైతే పుదీనా, ఫ్రెంచ్ సోరెల్, మెంతికూర, అంతే, మిగతావి ఆశించకండి.

నేల మీదే పండించాలని ఉంటే సియాటిల్ నగరం పీ-ప్యాచ్ పేరుతో సామూహిక తోటల్లో చిన్న మళ్ళు అద్దెకిస్తుంది. 1973లో పికార్డో కుటుంబం పొలంలో మొదలైన పద్ధతి అది, పేరులో పీ కూడా వాళ్ళదే. తూర్పు వైపు నగరాల్లోనూ ఇలాంటివి ఉన్నాయి. వెయిటింగ్ లిస్టు కొన్ని చోట్ల ఏళ్ళు పడుతుంది, కాబట్టి ఇంటికి దగ్గరగా ఉన్న తోటతో పాటు కాస్త దూరంగా, రద్దీ తక్కువ ఉన్న తోట పేరు కూడా దరఖాస్తులో రాయండి. మడి దక్కాక మట్టి గురించో తెగులు గురించో సందేహమొస్తే వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ మాస్టర్ గార్డెనర్ల క్లినిక్‌కి ఆకు ఒకటి సంచిలో వేసుకుని వెళ్ళి చూపించండి, డబ్బు తీసుకోరు.